చేతులతో పట్టుకోనక్కర్లేని పాల పంపు: ఎంచుకోవడం, వాడడం ఎలా

మెటర్నిటీ లీవు ఇంకో నెలలో అయిపోతుందనగా ఈ ప్రశ్న మొదలవుతుంది. "అక్కా, బ్రాలో పెట్టుకునే పంపు కొనమంటావా? ఏది కొనను? మా తోడికోడలు కొంటే చుక్క కూడా రాలేదట, నిజమేనా?" అమలాపురం నుంచి కాకినాడకి రోజూ బస్సులో వెళ్ళొచ్చే బ్యాంకు ఉద్యోగి, పాలకొల్లులో టీచరు, భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు, ఊళ్ళో సచివాలయంలో పనిచేసే అమ్మాయి... అందరిదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసేస్తే నయం అనిపించింది.

ముందే చెప్పేస్తాను. పాలు రావడం, రాకపోవడం కంపెనీ పేరు మీద ఆధారపడదు. మోటారు ఎంత గట్టిగా లాగుతుందన్న దాని మీద కూడా అంతగా ఆధారపడదు. మీ చనుమొనకి సరిపడే సైజు, పెట్టుకునే తీరు కుదిరితే చవక పంపులోనూ పాలు వస్తాయి. అవి కుదరకపోతే 20,000 పోసి కొన్నదైనా బీరువాలోకి వెళ్తుంది. ఇక పాలు వచ్చాక మన దగ్గర ఇంకో మూడు తలనొప్పులు: ఎండ, కరెంటు, నీళ్ళు. పంపుతో వచ్చే పుస్తకంలో వీటి గురించి ఉండదు.

ఎవరికి అవసరం, ఎవరికి వద్దు

బిడ్డకి నెలా నెలన్నర దాటి, పాలు నిలకడగా పడుతూ, రోజులో కొన్ని గంటలు బిడ్డకి దూరంగా ఉండాల్సిన వాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ఇంట్లో పెద్ద పిల్ల కూడా ఉండి, రెండు చేతులూ ఖాళీ లేనివాళ్ళకి కూడా.

బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉంటే, లేదా ఇంకా రొమ్ము పట్టకపోతే, ఒక్క ఈ పంపు మీదే ఆధారపడకండి. పాలు పడడం మొదలయ్యే రోజుల్లో కావలసింది ఆసుపత్రుల్లో వాడే పెద్ద డబుల్ పంపు. అది అద్దెకి దొరుకుతుందేమో పిల్లల డాక్టరునీ నర్సునీ అడగండి. దాంతోపాటు చేత్తో పిండడం నేర్పించమనండి.

రోజంతా బిడ్డ దగ్గరే ఉంటూ ఎప్పుడో పెళ్ళికో, గుడికో వెళ్ళాల్సివస్తే చాలు అనుకునేవాళ్ళు డబ్బు పెట్టక్కర్లేదు. చేత్తో నొక్కే మాన్యువల్ పంపు సరిపోతుంది. అది కరెంటు అడగదు, చార్జింగ్ అడగదు. నన్నడిగితే ఎలక్ట్రిక్ పంపు కొన్నవాళ్ళు కూడా ఇదొకటి ఇంట్లో ఉంచుకోవాలి.

కొనేముందు సైజు కొలుచుకోండి

పంపులో రొమ్ముకి ఆనించే గరాటులాంటి భాగాన్ని ఫ్లేంజ్ అంటారు. దాని మధ్యలో ఉన్న గొట్టంలోకి చనుమొన వెళ్ళి, వెనక్కి వస్తుంటుంది. చాలా పంపుల డబ్బాలో వచ్చే ఫ్లేంజ్ 24 మి.మీ. ఉంటుంది. మనలో చాలామందికి అది పెద్దదవుతుంది. "చుక్క కూడా రాలేదు" అన్న మాట విన్నప్పుడు నాకు మొదట అనుమానం దీని మీదే.

కొలవడానికి పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు చాలు. పాలు తీయకముందు, చనుమొన మొదట్లో అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూడండి. చుట్టూ ఉండే నల్లటి వలయాన్ని కలపకండి, మొన ఒక్కటే. రెండు పక్కలా కొలవండి, ఎందుకంటే తేడా ఉండడం మామూలే. వచ్చిన కొలతకి 1 నుంచి 3 మి.మీ. కలపండి. 17 వస్తే 19 తీసుకోవచ్చు. అసలు ఫ్లేంజ్ లోపల పెట్టుకునే సిలికాన్ ఇన్సర్టులు 15, 17, 19, 21 సైజుల్లో విడిగా దొరుకుతాయి.

ఇక పంపులో చూడాల్సినవి:

- ఇన్సర్టులు, వాల్వులు (పాలు కప్పులోకి దిగే చోట ఉండే చిన్న సిలికాన్ ముక్కలు), డయాఫ్రమ్‌లు (మోటారు లాగినప్పుడు కదిలే పలచటి సిలికాన్ పొరలు) విడిగా దొరుకుతాయా? దొరకని మోడల్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. అరిగిపోయేవి ఇవే.
- పాలు మోటారులోకి వెళ్ళకుండా అడ్డు ఉన్న క్లోజ్డ్ సిస్టమ్ అయ్యుండాలి.
- చనుమొన కనిపించేలా ముందు భాగం పారదర్శకంగా ఉంటే, కొత్తలో సరిగ్గా పెట్టుకోవడం తేలిక.
- పాలు చేరే కప్పులో 150 మి.లీ. దాకా పట్టాలి. మరీ చిన్నదైతే పొంగుతుంది.
- రెండు పక్కలా ఒకేసారి తీయాలంటే రెండు కొనాలి. ఆఫీసులో టైము తక్కువ ఉన్నవాళ్ళు రెండే తీసుకోండి. ఒక్కొక్క పక్కా తీస్తూ కూర్చుంటే లంచ్ టైమంతా దానికే పోతుంది.
- సీలు తీసిన పంపుని శుభ్రత కారణంగా చాలా షాపులు వెనక్కి తీసుకోవు. వాపసు సంగతి డబ్బా తెరవకముందే అడగండి.

సక్షన్ నంబరు చూసి కొనకండి. "మాది ఇంత గట్టిగా లాగుతుంది" అని ప్రకటనల్లో రాస్తారు. మీరు ఓర్చుకోగలిగే స్థాయి దానికి చాలా కింద ఉంటుంది, మిగతాదంతా ఉన్నా వాడరు. యాప్, రంగుల లైట్లు కూడా అంతే.

అక్కదో వదినదో వాడిన పంపు తెచ్చుకుంటానంటే వద్దనే చెప్తాను. ఇవి ఒకరు వాడడానికి చేసినవి. సిలికాన్ సామాను కొత్తది వేసినా, మోటారు లోపలికి ఎప్పుడైనా పాల తడి వెళ్ళిందా లేదా పైనుంచి చూస్తే తెలియదు.

కావలసినవి

- పంపు, సరిపడే ఇన్సర్టు, చార్జరు.
- అదనంగా ఒక జత వాల్వులు, డయాఫ్రమ్. ఆఫీసులో కడగడానికి వీలు లేకపోతే ఇంకో పూర్తి కప్పుల సెట్టు.
- సాగే గుణమున్న నర్సింగ్ బ్రా. బిగుతైన జాకెట్టు మాత్రం పనికిరాదు.
- మూతలున్న డబ్బాలు లేదా పాలు దాచే కవర్లు, రాసుకోవడానికి పెన్ను, అంటించడానికి మెడికల్ టేపు.
- చల్లదనం పట్టే సంచి, గడ్డకట్టించిన జెల్ ప్యాకులు.
- పంపు సామాను కడగడానికి మాత్రమే వాడే ఒక చిన్న టబ్బు, ఒక మెత్తటి బ్రష్షు.
- పైన కప్పుకోవడానికి చున్నీ లేదా పలచటి శాలువా.

వాడే పద్ధతి

ఉద్యోగానికి వెళ్ళడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. మొదటిరోజు ఆఫీసులో మొదటిసారి పెట్టుకుంటే టెన్షన్‌కే పాలు రావు.

1. సామాను మరిగించండి. మోటారు తప్ప మిగతా అన్ని భాగాలూ విడదీసి, సబ్బు నీళ్ళతో కడిగి, మునిగేంత నీళ్ళలో 5 నిమిషాలు మరిగించండి. తపేలా అడుక్కి సిలికాన్ అంటుకోకుండా నీళ్ళు నిండుగా పోయండి. పూర్తిగా ఆరనివ్వండి.

2. వాల్వు చూడండి. బాతు ముక్కులా ఉండే చిన్న సిలికాన్ ముక్క అది. వెలుతురుకి ఎత్తిపట్టి రెండు పక్కలా మెల్లగా నొక్కండి. కొసన ఉన్న చీలిక చేప నోరులా తెరుచుకుని, వదలగానే మూసుకోవాలి. మూసుకోకుండా సందు కనబడినా, అంచు చిరిగినా లాగుడు బాగా పడిపోతుంది. అందులోకి బ్రష్షు గానీ పిన్నీసు గానీ దూర్చకండి, చీలిక పెద్దదైపోతుంది.

3. బిగించండి. డయాఫ్రమ్ అంచు చుట్టూ వేలు తిప్పి, ఎక్కడా లేవకుండా కూర్చుందో లేదో చూసుకోండి. తడి ఉండకూడదు. ఖాళీగానే ఒకసారి ఆన్ చేస్తే డయాఫ్రమ్ లోపలికీ బయటికీ కదలడం కనిపించాలి.

4. చేతులు సబ్బుతో కడుక్కుని, ఒక గ్లాసు నీళ్ళు తాగి కూర్చోండి. బాలింత నీళ్ళు తక్కువ తాగాలని ఇంట్లో ఎవరైనా అంటే ఊరుకోండి గానీ, దాహమేసినప్పుడు మాత్రం తాగేయండి.

5. రొమ్ముని ఒకటి రెండు నిమిషాలు చేత్తో మెత్తగా నిమరండి. బిడ్డ ఫోటో చూసినా, బిడ్డ కప్పుకునే గుడ్డ పక్కన పెట్టుకున్నా కొందరికి పాలు తొందరగా చేపుకొస్తాయి.

6. కొంచెం ముందుకి వంగి, చనుమొన గొట్టం మధ్యలోకి వచ్చేలా ఫ్లేంజ్ ఆనించండి. ఆ తరవాత నిటారుగా కూర్చుని బ్రా పైకి లాగండి. మొదటి కొన్నిసార్లు అద్దం ముందే చేయండి. మొన ఒక పక్కకి వాలి గొట్టం గోడకి రాసుకుంటుంటే తీసి మళ్ళీ పెట్టండి. ఇక్కడ బద్ధకిస్తే ఇరవై నిమిషాలూ వృథా, పైగా మంట.

7. మసాజ్ మోడ్‌లో, అన్నిటికంటే తక్కువ స్థాయిలో మొదలుపెట్టండి. అది పొట్టి పొట్టి లాగుళ్ళు లాగుతుంది, బిడ్డ మొదట్లో గబగబా చప్పరించే తీరులో. ఒకటి రెండు నిమిషాల్లో రొమ్ములో చురచురమన్నట్టో, బరువుగానో అనిపించి పాలు చేపుకొస్తాయి. కొందరికి ఏమీ తెలియదు, కప్పులో చుక్కలు పడ్డప్పుడే తెలుస్తుంది.

8. పాలు పడుతుండగా, నిదానంగా గట్టిగా లాగే ఎక్స్‌ప్రెషన్ మోడ్‌కి మార్చండి. ఒక్కో మెట్టూ పెంచుతూ వెళ్ళి, కాస్త ఇబ్బంది అనిపించిన చోట ఒక మెట్టు తగ్గించండి. మీ స్థాయి అదే. నొప్పిపెడితే పాలు ఎక్కువ రావు, తగ్గుతాయి.

9. ఐదారు నిమిషాలకి ధార ఆగిపోతే అయిపోయిందనుకోకండి. మళ్ళీ మసాజ్ మోడ్ పెట్టండి, చాలామందికి ఇంకోసారి చేపు వస్తుంది. మొత్తం మీద 15–20 నిమిషాలు చాలు, అరగంట దాటించకండి.

10. ఆపి, ముందు పైఅంచు దగ్గర వేలు దూర్చి గాలి వదలండి, తరవాత నిటారుగానే ఉండి తీయండి. ఒక్కసారిగా లాగితే చర్మమూ లాగుతుంది, పాలూ ఒలుకుతాయి.

11. చివర్లో ఒకటి రెండు నిమిషాలు చేత్తో ఒక గిన్నెలోకి పిండండి. ఈ పంపులు రొమ్ముని పూర్తిగా ఖాళీ చేయలేకపోవడం మామూలే. ఆఖర్లో వచ్చే చిక్కటి పాలు అక్కడ దొరుకుతాయి.

చేతులు ఖాళీ అంటే ఎలాగైనా కదలొచ్చని కాదు. పంపు పెట్టుకుని కంప్యూటరు కొట్టొచ్చు, అన్నం తినొచ్చు, పెద్దపిల్లకి జడ వేయొచ్చు. వంగి చీపురు పట్టకూడదు, పడుకోకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళు ఒకటి గమనించుకోండి. సూది చేతిలోకి రాగానే తెలియకుండానే తల, భుజాలు ముందుకి వాలతాయి. కాసేపటికి ఫ్లేంజ్ కింది అంచు రొమ్ము నుంచి విడిపోయి, "బుస్" మని గాలి లాగుతున్న శబ్దం వస్తుంది. నడుము వెనక దిండు పెట్టుకుని, అల్లికని ఎత్తైన బల్ల మీదికి తెచ్చుకోండి. చార్జింగ్‌లో పెట్టి వాడడం కూడా వద్దు.

బస్సులో వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు. మన ఆర్టీసీ బస్సు మోతలో పంపు చప్పుడు పక్క సీటుకి కూడా వినబడదు. కిటికీ పక్కన కూర్చుని చున్నీ కప్పుకోండి, కప్పు సగం నిండగానే ఆపేయండి. స్కూటీ నడుపుతూ మాత్రం వద్దు.

ఆఫీసులో

బిడ్డ ఎన్నిసార్లు తాగుతుందో అన్నిసార్లు తీయడం కుదిరితే మంచిది. కనీసం మూడు గంటలకొకసారి. ఇంటి నుంచి బయటికి వెళ్ళేముందు ఒకసారి, రాగానే ఒకసారి బిడ్డకి నేరుగా పాలిస్తే పంపు మీద భారం తగ్గుతుంది.

బాత్రూములో తీయకండి. స్టోరు రూమో, రికార్డు రూమో, లోపల గడియ ఉన్న గది ఏదైనా సరే. అడగడానికి మొహమాటం వద్దు. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవుతోపాటు, బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు పాల విరామాలు ఉన్నాయి. 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలి, అక్కడికి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి రానివ్వాలి. రొయ్యల ప్లాంటులాంటి చోట్ల ఈ సంగతి తెలియని ఆడవాళ్ళే ఎక్కువ. అక్కడ ఇంకో మాట కూడా: గ్లవ్స్, ఏప్రాన్ తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే పంపు ముట్టుకోండి.

పాలు దాచడం, మన ఎండలో

25 డిగ్రీల గదిలో పిండిన పాలు 4 గంటలు ఉంటాయని చాలా పంపు పుస్తకాల్లో రాసుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా మన ఇళ్ళలో ఏసీ లేకుండా 25 ఎక్కడ? రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం 40 దాటుతుంది. కాబట్టి గది లెక్క మరిచిపోండి. తీసిన వెంటనే ఫ్రిజ్‌లోకో, ఐసు సంచిలోకో.

- ఐసు సంచిలో, జెల్ ప్యాకులు డబ్బాకి ఆనుకుని గడ్డగానే ఉంటే 24 గంటలు. ప్యాకులు కరిగిపోతే ఆ లెక్క చెల్లదు.
- ఫ్రిజ్‌లో 4 రోజులు. తలుపు దగ్గర కాదు, లోపల వెనక వైపు.
- విడి తలుపున్న ఫ్రీజరులో 6 నెలలు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే ఐసు అరలో అయితే రెండు వారాలకి మించి ఉంచకండి.
- ఫ్రీజరు నుంచి ఫ్రిజ్‌లోకి దించి కరిగించిన పాలు 24 గంటల్లో వాడెయ్యాలి. మళ్ళీ గడ్డకట్టించకూడదు.

ఒక్కో డబ్బాలో 60–90 మి.లీ. మించి పోయకండి, మిగిలితే పారబోయాలి. టేపు ముక్క మీద తేదీ, టైము రాసి అంటించండి. అప్పుడే తీసిన వెచ్చటి పాలని చల్లటి పాలలో నేరుగా కలపకుండా, ముందు చల్లార్చి కలపండి.

చేపలు, రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలు మన ఊళ్ళలో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, చల్లదనం బాగానే పట్టి ఉంచుతాయి. కొత్తదైతే వాడుకోండి. కానీ ఐసు ఫ్యాక్టరీ ఐసు ముక్కల మధ్య పాల డబ్బా పెట్టకండి, ఆ నీళ్ళు ఎలాంటివో మనకి తెలియదు. నీళ్ళ సీసాలు గడ్డకట్టించి చుట్టూ పేర్చండి.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంచితే కింది అర దాదాపు 4 గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజరు ఇంకా చాలాసేపు ఆగుతుంది. ఖాళీ ఫ్రీజరు త్వరగా వేడెక్కుతుంది కాబట్టి సందుల్లో నీళ్ళ సీసాలు నింపి పెట్టండి. కరెంటు వచ్చాక చూస్తే పాలు పూర్తిగా కరిగి వెచ్చబడి ఉంటే పారబోయడమే. ఇంకా ఐసు పలుకులు మిగిలి ఉంటే మళ్ళీ గడ్డకట్టించుకోవచ్చు.

గోదావరి లంక ఊళ్ళవాళ్ళు జులై, ఆగస్టు నెలల్లో ఫ్రీజరు నిల్వని నమ్ముకోవద్దు. 2022 జులై వరదలో లంకలు నీట మునిగినప్పటి సంగతి గుర్తుంది కదా. వరద కబురు వినగానే పంపు ఫుల్ చార్జ్ చేసి, మాన్యువల్ పంపు, ఉగ్గుగిన్నె కవరులో చుట్టి సంచిలో వేసుకోండి. అలాంటప్పుడు బిడ్డని రొమ్ముకి పట్టించడం అన్నిటికంటే భద్రం, నీళ్ళు శుభ్రంగా లేనిచోట సామాను కడిగే పని ఉండదు.

ఇంట్లో పట్టేవాళ్ళకి చెప్పాల్సినవి

అమ్మో, అత్తగారో చూసుకుంటారు. ఇవి మాత్రం చెప్పి వెళ్ళండి. పాలు పొయ్యి మీద పెట్టకూడదు, మైక్రోవేవ్ వద్దు, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో డబ్బా ఉంచితే చాలు. పాల మీద మీగడ వేరుగా తేలడం సహజం, గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది. కాస్త సబ్బు వాసనలా వస్తే చెడిపోయినట్టు కాదు, పులిసిన వాసన వస్తే పారబోయాలి. బిడ్డ తాగి వదిలినవి 2 గంటలు దాటితే పనికిరావు.

సీసా కంటే ఉగ్గుగిన్నె నయం. సీసాకి అలవాటుపడి కొందరు పిల్లలు రొమ్ము మానేస్తారు, సీసా నిపుల్ శుభ్రం చేయడమూ కష్టమే. బిడ్డని కాస్త కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె కొస కింది పెదవికి ఆనించి, బిడ్డ తనంతట తాను నాలుకతో అందుకునేలా ఉంచాలి. నోట్లో పోసేయకూడదు.

"పాలన్నీ మిషన్‌కి పోస్తే పిల్లాడికేం మిగులుతాయమ్మా?" అని అత్తగారు అడిగితే కోపం తెచ్చుకోకండి. తీసేకొద్దీ ఊరతాయి, తీయకపోతేనే తగ్గుతాయి అని చెప్పండి.

కడగడం, మన నీళ్ళతో

వాడిన ప్రతిసారీ అన్నీ విడదీసి, ముందు చన్నీళ్ళతో తొలిచి, తరవాత టబ్బులో సబ్బు నీళ్ళతో కడగండి. ఎంగిలి గిన్నెలుండే సింకులో వేయకండి. బిడ్డకి రెండు నెలలు వచ్చేదాకా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ఆ తరవాత కూడా, రోజుకొకసారి మరిగించండి.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటితో మరిగిస్తే సిలికాన్ మీద తెల్లటి పొర పడుతుంది, వాల్వు చీలిక సరిగ్గా మూసుకోదు. మరిగించడానికీ, చివరిసారి తొలవడానికీ తాగే మంచినీళ్ళే వాడండి. పొర పడితే కొంచెం తెల్ల వెనిగర్ కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టి, బాగా కడగండి.

వానాకాలం తేమకి సామాను తొందరగా ఆరదు. శుభ్రమైన గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద పెట్టండి, వంటింటి తువ్వాలుతో తుడవకండి. డయాఫ్రమ్ మడతల్లో నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. కడిగి వాడదామని చూడకుండా మార్చెయ్యండి. మోటారుని మాత్రం తడిగుడ్డతో తుడవడమే, కుళాయి కింద పెట్టకూడదు.

సరిగ్గా జరుగుతోందా? ఇలా చూసుకోండి

తీశాక రొమ్ము మెత్తబడాలి. చనుమొన మామూలు రంగులోనే ఉండాలి. తెల్లబడినా, పక్కలు ఒరుసుకుని ఎర్రబడినా ఇన్సర్టు చిన్నదయ్యింది. మొన చుట్టూ ఉన్న నల్ల వలయం కూడా లోపలికి వెళ్ళి వాచినట్టు అయితే పెద్దదయ్యింది.

ఎన్ని రావాలి? బిడ్డకి దూరంగా ఉన్న ప్రతి గంటకీ 30–45 మి.లీ. చొప్పున లెక్కేసుకోండి. 9 గంటలు బయట ఉంటే మొత్తం మీద 270–400 మి.లీ. వస్తే బాగా వస్తున్నట్టే. బిడ్డ తాగిన వెంటనే తీస్తే 15–60 మి.లీ. రావడం కూడా మామూలే, అది చూసి పాలు లేవని బెంగపెట్టుకోకండి. బాగా తాగే బిడ్డ రొమ్ము నుంచి లాగినంత పంపు సాధారణంగా లాగలేదు. పాలు చాలుతున్నాయా అన్నది బిడ్డని చూసి తెలుసుకోవాలి: రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువసార్లు ఒంటేలు పోయాలి, బరువు పెరుగుతుండాలి. అంగన్‌వాడీలో తూకం వేయించండి.

మొదట్లో బాగా వచ్చి ఇప్పుడు తగ్గితే, ఈ వరసలో చూడండి: వాల్వు, డయాఫ్రమ్, చార్జింగ్, మొన మధ్యలో ఉందా లేదా, ఆ తరవాత సైజు. నెలలు గడిచేకొద్దీ చనుమొన సైజు మారొచ్చు. రోజూ వాడేవాళ్ళకి వాల్వు ఒకటి నుంచి మూడు నెలల్లో అరుగుతుంది. నెలసరి మళ్ళీ మొదలైనప్పుడు కొన్ని రోజులు పాలు తగ్గి, తిరిగి వస్తాయి. అన్నీ బాగున్నా రాకపోతే, ఒక్కసారి అదనంగా తీయడం మొదలుపెట్టండి, పొడుగ్గా తీయడం కాదు. మెంతులు, పొడులు, టానిక్‌ల మీద డబ్బు తగలేయడానికి ముందు ఒక వాల్వు కొని చూడండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

రొమ్ములో గట్టిగా గడ్డలా తగిలితే గట్టిగా పిసకకండి, పూర్తిగా ఖాళీ చేయాలని పదేపదే పంపు పెట్టకండి. వాపు ఇంకా పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేసి, బిడ్డకి మామూలుగానే పాలివ్వండి. ఒక రోజు గడిచినా తగ్గకపోయినా, ఎర్రబడి సలుపుతూ 101 డిగ్రీల జ్వరం వచ్చినా, చీము కనిపించినా వెంటనే పీహెచ్‌సీకో, మీ డాక్టరు దగ్గరికో వెళ్ళండి. చనుమొన పగిలి రక్తం వస్తుంటే పంపు ఆపి, కొన్నాళ్ళు చేత్తో తీసుకోండి.

మానేటప్పుడు

ఒక్కరోజులో ఆపేయకండి, రొమ్ములు బిగిసిపోతాయి. మూడు నాలుగు రోజులకొకసారి రోజులో ఒక పూట తగ్గించుకుంటూ రండి. మధ్యలో బరువెక్కితే హాయిగా అనిపించేంత మటుకే పిండెయ్యండి. రెండో కాన్పుకి మీరే మళ్ళీ వాడాలనుకుంటే, సిలికాన్ సామానంతా పారేసి మోటారు మాత్రం సగం చార్జింగుతో, సిలికా జెల్ పొట్లం వేసిన పొడి డబ్బాలో దాచండి. అప్పటికి మళ్ళీ స్కేలు తీసి కొలుచుకుని, ఇన్సర్టులు కొత్తవి కొనుక్కోండి.